ఏ కుక్కకు ఎంత దూరం, ఎంత వేగం?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని దగ్గర ఒక గ్రామం. మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ మగ కుక్క ఉంది. మూడు నెలల క్రితం మా తమ్ముడు కర్ణాటకలోని బాగల్‌కోట్ వైపు వెళ్లి ముధోల్ జాతి కుక్కపిల్లను కొనుక్కొచ్చాడు. దానికిప్పుడు ఐదు నెలలు. అది గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుందని అమ్మినవాళ్లు చెప్పారట. తమ్ముడు రోజూ ఉదయం దాన్ని బైకుకు కట్టి నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తిస్తున్నాడు. తొమ్మిదో నెల వచ్చేసరికి ఉగాది వస్తుంది కాబట్టి, అప్పుడు పక్క ఊరి జాతరలో జరిగే కుక్కల పందెంలో దింపాలని అతని కోరిక. నేను రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు జాగింగ్ చేస్తాను. లాబ్రడార్‌ను వెంట తీసుకువెళ్తే పావుగంట గడవకముందే వెనక కాళ్లు తడబడి కూలబడుతోంది, అరగంటకు ఏమీ జరగనట్టు లేస్తోంది. 70 కిలోమీటర్ల మాట నిజమేనా? అన్నిటికంటే వేగంగా పరుగెత్తే కుక్క ఏది? బైకు వెంట పరుగెత్తిస్తే వేగం పెరుగుతుందా? నా పరుగుకు ఈ రెండింటిలో ఏది తగినది?
— ఒక పాఠకుడు, ఆదోని ప్రాంతం

సమాధానం: మీ ప్రశ్నల వరసను కాస్త మార్చి లాబ్రడార్‌తో మొదలుపెడుతున్నాను. మిగిలినవి వారం రోజులు ఆగినా నష్టం లేదు గాని, ఇది ఆగేది కాదు. మూడేళ్ల కుక్క, అంటే నిండు వయసులో ఉన్న కుక్క, పావుగంట పరుగుకే వెనక కాళ్లు పట్టు తప్పి కూలబడుతోందంటే దాన్ని బద్ధకమనో, అలవాటు లేకపోవడమనో అనుకోకూడదు. లాబ్రడార్ జాతిలో ఒక వంశపారంపర్య జబ్బు ఉంది. ఉత్సాహంగా, తీవ్రంగా పరుగెత్తడం మొదలైన ఐదు నుంచి ఇరవై నిమిషాల లోపల వెనక కాళ్లు ఊగిసలాడి, ఈడ్చుకుంటూ నడిచి, చివరకు కుక్క కూలబడుతుంది. స్పృహ ఉంటుంది, నొప్పితో అరవదు, చాలా సందర్భాల్లో పది నుంచి ముప్పై నిమిషాలలో తేరుకుని మామూలుగా తిరుగుతుంది. డైనమిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో వచ్చిన మార్పే దీనికి కారణమని 2008లో తేల్చారు. నరాలు విరామం లేకుండా, వేగంగా సంకేతాలు పంపవలసి వచ్చినప్పుడు ఆ ప్రోటీన్ అవసరమవుతుంది, అది సరిగ్గా పనిచేయని కుక్కలో పరుగు ముదిరిన కొద్దీ కాళ్లకు అందవలసిన ఆదేశం అందకుండా పోతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి మారిన జన్యువే వచ్చిన కుక్కలోనే జబ్బు బయటపడుతుంది. ఎక్కువ కుక్కలు తేరుకుంటాయన్నది నిజమే గాని, తడబాటు మొదలైన తరువాత కూడా పరుగు ఆపించకపోతే ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి.

మీరు రాసిన లక్షణాలు దీనికి దగ్గరగా ఉన్నా, ఉత్తరం చూసి జబ్బు నిర్ణయించడం న్యాయం కాదు. మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే ఎర్లిషియా, బబీసియా జ్వరాలు చాలా ఎక్కువ. అవి ఒంట్లో రక్తాన్ని తగ్గించివేసి, పైకి ఆరోగ్యంగా కనిపించే కుక్కను కూడా కొద్దిపాటి శ్రమకే పడగొడతాయి. గుండె లయ తప్పినా, తుంటి కీళ్లు సరిగ్గా అమరకపోయినా ఇలాగే కనిపించవచ్చు. కాబట్టి ఈ రోజు నుంచే దాని పరుగు ఆపించండి. నెమ్మదైన నడకకు అడ్డు లేదు. ఇదివరకు కూలబడినప్పుడు ఎవరైనా ఫోనులో వీడియో తీసి ఉంటే అది వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది. వీడియో కోసం మళ్లీ పరుగెత్తించవద్దు. కింది రెప్పను లాగి, చిగుళ్లను ఎత్తి చూడండి, తెల్లగా పాలిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించండి. స్థానిక ఆసుపత్రిలో గుండె పరీక్షకు, ఎక్స్‌రేకు వీలులేకపోతే ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో చూపించవచ్చు. దాని బరువు కూడా గమనించండి. పక్కటెముకలు చేతికి తేలికగా తగలకపోతే బరువు ఎక్కువైనట్టే. లాబ్రడార్‌లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలి తీరిందన్న కబురు మెదడుకు సరిగ్గా చేరనివ్వని జన్యు మార్పు ఉందని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో గుర్తించారు. అది గిన్నె నాకుతూ మీ వైపు చూసిందని మళ్లీ వడ్డించడం ప్రేమే గాని, దాని కాళ్లకు మాత్రం భారం.

ఇక 70 కిలోమీటర్ల మాట. ఆ అంకె అబద్ధం కాదు, కాని అది ముధోల్‌ది కాదు, గ్రేహౌండ్‌ది. తెలుగువారికి గ్రేహౌండ్స్ అనగానే 1989లో ఏర్పడిన పోలీసు బలగం గుర్తుకు వస్తుంది. ఆ పేరు గల కుక్క మాత్రం ఇంగ్లండ్‌లో తరతరాలుగా కుందేళ్ల వేటకూ తరువాత పందేలకూ పెంచిన సన్నని, పొడవైన జాతి. కుక్కలన్నిటిలో అత్యంత వేగమైనది ఇదే. బాగా పరుగెత్తే గ్రేహౌండ్ కొద్ది క్షణాలపాటు గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. 500 మీటర్ల పందాన్ని అర నిమిషం లోపే ముగిస్తుంది, అంటే ఆ మొత్తం దూరానికి సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లకు పైనే. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ వంద మీటర్ల రికార్డు నెలకొల్పిన పరుగులో అతని అత్యధిక వేగం గంటకు 45 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. చీతా కంటే గ్రేహౌండ్ వేగంగా పరుగెత్తుతుందని అక్కడక్కడ వినిపించే మాట మాత్రం నిలవదు. ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో అడవి చీతాల మెడలకు పరికరాలు అమర్చి కొలిచి 2013లో ప్రకటించిన అత్యధిక వేగం గంటకు 93 కిలోమీటర్లు.

గ్రేహౌండ్‌కు ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మీ తమ్ముడి కుక్కపిల్లకు ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో అందులోనే తెలుస్తుంది. గుర్రం దౌడు తీసేటప్పుడు ఒక్కో అంగలో ఒక్కసారే నాలుగు కాళ్లూ నేలను వదులుతాయి. గ్రేహౌండ్‌కు, దాని కోవకు చెందిన వేటకుక్కలకు ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ గాలిలో ఉంటాయి: ముందు కాళ్లూ వెనక కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు ఒకసారి, అన్నీ పూర్తిగా చాచుకున్నప్పుడు మరొకసారి. ఈ రెండింటి మధ్య వెన్నెముక విల్లులా వంగి, తిరిగి సాగుతుంది, అలా సాగిన ప్రతిసారీ అంగ పొడవు పెరుగుతుంది. నిండు వేగంలో ఒక్కో అంగ సుమారు ఐదు మీటర్లు, సెకనుకు మూడున్నర అంగలు. కాళ్లను ముందుకు తోసే కండ బలం దాదాపు అంతా తుంటి చుట్టూ, తొడలలో, నడుములో ఉంటుంది. మోకాలి కింది భాగం సన్నగా, తేలికగా ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకూ వెనక్కూ ఊపడానికి తక్కువ శక్తి చాలు.

లోపలి అవయవాల సంగతి కూడా అంతే. శరీర బరువుతో పోల్చి చూస్తే గ్రేహౌండ్ గుండె ఇతర కుక్కల గుండె కంటే పెద్దది, రక్తంలో ఎర్రకణాల పాలు కూడా ఎక్కువ. ఈ జాతిని ఎరగని వైద్యుడు రక్తపరీక్ష చూసి కుక్కకు నీరు తగ్గి రక్తం చిక్కబడిందని పొరబడేంత తేడా అది. తొడ కండరాలలో చటుక్కున బిగుసుకుని, అంతే త్వరగా అలసిపోయే రకం పోగులు ఎక్కువ. ఇన్ని కలిసినా ఆ వేగం నిలిచేది అర నిమిషమే. ఆ తరువాత గ్రేహౌండ్ రొప్పుతుంది, దాని శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటుతుంది, మళ్లీ మామూలు స్థితికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇంట్లో పెంచుకునే గ్రేహౌండ్‌లు రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటాయన్నది పెంచినవారందరికీ తెలిసిన విషయమే.

వంపుల విషయంలో తేలిన ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. మనిషి వంపు తిరిగేటప్పుడు కాళ్ల మీద పడే భారాన్ని తట్టుకోవడానికి పాదాన్ని నేల మీద ఎక్కువసేపు ఉంచుతాడు, దానితో వేగం తగ్గుతుంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన అషర్‌వుడ్, విల్సన్ 2005లో గ్రేహౌండ్‌లను కొలిచి చూసినప్పుడు, ఇరుకైన వంపులోకి వచ్చినా అవి అలా చేయడం లేదని, కాళ్ల మీద పడే బలం 65 శాతం పెరిగినా దాన్ని అలాగే భరిస్తున్నాయని తేలింది. అంటే నొప్పి రాబోతోందని కుక్క ముందే జాగ్రత్తపడదు. పందెపు బాటలలో గ్రేహౌండ్‌లు ఎప్పుడూ ఎడమ చేతి వైపే తిరుగుతాయి కాబట్టి, వాటి కుడి వెనక కాలి మడమ ఎముకలు విరగడం ఆ పందేలలో పదే పదే కనిపించే గాయం. ఇలాంటి గాయాల మీద వచ్చిన నిరసనల వల్లే చాలాచోట్ల ఆ పందేలు మూతపడ్డాయి. వాటికి కేంద్రంగా వెలిగిన అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 2020 ముగిసేసరికి అవి ఆగిపోయాయి. నిండుగా ఎదిగిన, ఆ పని కోసమే పెంచిన కుక్క ఎముకే విరుగుతున్నప్పుడు ఐదు నెలల పిల్ల మాట ఏమిటో మీ తమ్ముడిని ఆలోచించమనండి.

అయితే వేగమంటే అర నిమిషపు వేగమే కాదు. దూరం మారితే గెలిచే కుక్క మారుతుంది. అలస్కాలో 1973 నుంచి ఏటా ఇడిటరాడ్ అనే మంచుబండ్ల పోటీ జరుగుతోంది. ఆంకరేజ్ నుంచి నోమ్ వరకు సుమారు 1,600 కిలోమీటర్లు. గెలిచే జట్లు తొమ్మిది రోజులకు కొంచెం అటూఇటుగా ఆ దూరాన్ని ముగిస్తాయి. విశ్రాంతిని కూడా కలిపి లెక్కిస్తే సగటు వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లే, అంటే మీ జాగింగ్ కంటే తక్కువ. కాని ఆ కుక్కలు దాన్ని గడ్డకట్టే చలిలో బండి లాగుతూ, రోజు తరువాత రోజు సాధిస్తాయి. ఒక్కొక్కటి రోజుకు పదివేల కిలోకేలరీలు పైగా ఖర్చు చేస్తుంది. అవి అలస్కన్ హస్కీ అని పిలిచే మిశ్రమ జాతి కుక్కలు, బరువు ఇరవై, ఇరవై ఐదు కిలోలు. బలమంతా దూరానికే. మొదటి రెండు మూడు రోజులు గడిచాక అవి కండరాలలోని ఇంధనపు నిల్వను కరిగించడం తగ్గిస్తాయని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలు చూపించాయి. వంద మీటర్ల పందెంలో ఈ కుక్క గ్రేహౌండ్‌కు చాలా వెనకబడుతుంది. వంద కిలోమీటర్ల పందెంలో గ్రేహౌండ్ అసలు కనిపించదు.

ఈ రెండు కొసలకు మధ్య ఉండేవి అరేబియా ఎడారుల సలుకీ, మన ముధోల్ వంటి జాతులు. గ్రేహౌండ్ లాగే ఇవి కంటితో చూసి వేటాడేవే, శరీర నిర్మాణం కూడా ఆ కోవదే, అంగకు రెండుసార్లు గాలిలోకి లేచేవే. కాని వీటిని పెంచినవారు పచ్చిక మైదానంలో అర నిమిషపు పరుగు కోసం పెంచలేదు. రాళ్లూ తుప్పలూ ఉన్న బీడు భూముల్లో, ఎండలో, కుందేలు అలసిపోయేదాకా వెంటాడే ఓర్పు కోసం పెంచారు. కుందేలు వేగంతో కాదు, చటుక్కున పక్కకు తిరగడంతో తప్పించుకుంటుంది. విజయనగర స్థాపన గురించి మన ప్రాంతంలో చెప్పుకునే కథలో వేటకుక్కల మీద తిరగబడినది కూడా కుందేలే కదా. ముధోల్ సంస్థానాధీశులైన ఘోర్పడేల పోషణలో పేరు తెచ్చుకున్న ఈ జాతికి 2005లో తపాలా బిళ్ల విడుదలైంది. మీరట్‌లోని సైన్యపు పశువైద్య విభాగం వీటికి శిక్షణ ఇచ్చింది. బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపురంలో వీటి సంరక్షణకు ప్రభుత్వ విశ్వవిద్యాలయపు పరిశోధనా కేంద్రం ఉంది, మళ్లీ ఎప్పుడైనా కొనాలనుకుంటే అక్కడ విచారించడం మేలు. ఇంత ఘనత ఉన్న జాతికి పరాయి జాతి అంకెను తగిలించి అమ్మవలసిన అవసరం లేదు. పెద్దయ్యాక మీ కుక్క గంటకు 50 కిలోమీటర్లు అందుకుంటే అది నిజంగా గొప్ప పరుగే. తమిళనాడులోని రాజపాళయం, చిప్పిపారై కూడా దాదాపు ఇదే పనికి పెంచిన జాతులు. రాజపాళయం పట్టణంలో స్థిరపడిన తెలుగు రాజుల ఇళ్లలో ఆ తెల్ల కుక్కను పెంచడం ఇప్పటికీ గౌరవంగా భావిస్తారు.

అమ్మేవారు 'కండ బాగా పట్టిన రకం' అని ఎక్కువ ధర చెబితే లొంగవద్దు. ఈ విషయంలో విప్పెట్ అనే చిన్న వేటకుక్క అనుభవం మనకు పాఠం. పది పదిహేను కిలోల ఈ కుక్క గంటకు 55 కిలోమీటర్ల వరకు పరుగెత్తుతుంది. కండ పెరుగుదలను అదుపులో ఉంచే మయోస్టాటిన్ అనే జన్యువులో మార్పు ఒక ప్రతిలో మాత్రమే ఉన్న విప్పెట్‌లు పందేలలో ముందుంటున్నాయని 2007లో గుర్తించారు. రెండు ప్రతులలోనూ మార్పు ఉంటే కుక్క మెడా భుజాలూ ఉబ్బి, చూడటానికి మల్లయోధుడిలా తయారవుతుంది, కాని పందెపు పరుగుకు పనికిరాదు. వేగానికి కావలసిన కండ ఎంతో, ఎక్కడో కొలిచినట్టు ఉండాలి. లావు పెరిగితే వేగం పెరగదు.

మిగిలిన రకాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, బోర్డర్ కోలీ వంటివి కొద్ది దూరం గంటకు 45, 50 కిలోమీటర్ల దాకా వెళ్తాయి. వీటిలో జర్మన్ షెపర్డ్ అసలు బలం దౌడులో కాక, ఐమూలగా ఉన్న ముందు, వెనక కాళ్లు జతగా పడే జోరు నడకలో ఉంది. డాక్స్‌హుండ్ కాళ్లు పొట్టిగా ఉండటానికి ఒక అదనపు జన్యు ప్రతి కారణం, దాన్ని దూకించడం, పరుగెత్తించడం వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలకు ప్రమాదం. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలను మన ఎండలలో పరుగెత్తించడమే తప్పు. కుక్కకు చెమట దాదాపు పట్టదు, రొప్పుతూ నోటి ద్వారానే వేడిని వదులుకోవాలి, ఆ దారే ఇరుకైతే అది ప్రాణాపాయం. కొల్లేరు చుట్టుపక్కల బాతుల కాపరుల వెంట తిరిగే జోనంగి, ఊళ్లలో మనం పట్టించుకోని ఊరకుక్క మాత్రం మన నేలకు, మన ఎండకు అమరిన శరీరాలు. మీ జాగింగ్‌కు తోడు కావాలంటే ఊరకుక్కను మించింది లేదని నేను ధైర్యంగా చెబుతాను.

ఇప్పుడు బైకు సంగతి. మీ తమ్ముడు ఆ పిల్లను ప్రేమతోనే పెంచుతున్నాడని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. కాబట్టి అతను ఈ మాట వింటాడని నా నమ్మకం: బైకుకు కట్టి పరుగెత్తించడం ఈ రోజే మానాలి. ఐదు నెలల పిల్లకు పొడవైన ఎముకల చివర్లలో ఇంకా మెత్తని ఎదుగుదల పొరలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది ఆ పొరల దగ్గరే. ఈ పరిమాణపు కుక్కలలో అవి పూర్తిగా గట్టిపడటానికి ఏడాది నుంచి పద్నాలుగు నెలలు పడుతుంది, భారీ జాతులలో ఏడాదిన్నర. ముందు కాలిలో రెండు ఎముకలు పక్కపక్కనే పెరుగుతాయి. పదే పదే దెబ్బ తగిలి ఒకదాని పొర ముందుగా మూసుకుపోతే, రెండోది పెరుగుతూనే ఉండటం వల్ల కాలు వంకరపోతుంది. అలాంటి కాలును శస్త్రచికిత్సతో కొంత సరిచేయవచ్చునేమో గాని, ఆ కుక్క ఇక వేటకుక్కలా పరుగెత్తదు. వేగం కోసం చేసిన పనే వేగాన్ని శాశ్వతంగా తీసేస్తుంది.

పెద్ద కుక్కకు కూడా బైకు తగదు. కుక్క సహజంగా దూరాలు వెళ్లేది గంటకు పది, పదిహేను కిలోమీటర్ల జోరు నడకలో. బైకు పాతిక దాటితే కుక్క దౌడు తీయక తప్పదు, ఆ దౌడు నాలుగైదు కిలోమీటర్లు సాగించేది కాదు. అలసినప్పుడు ఆగే స్వేచ్ఛ తాడుకు కట్టిన కుక్కకు ఉండదు, యజమాని వెనక్కి తిరిగి చూసేసరికి అది పరుగెత్తడం మాని ఈడ్చబడుతూ ఉంటుంది. పైగా దీనివల్ల పందెపు వేగం పెరగదు. అర నిమిషపు వేగానికి కావలసిన కండ, కొద్ది దూరాలు నిండు బలంతో పరుగెత్తి, మధ్యలో పూర్తిగా విశ్రాంతి తీసుకున్నప్పుడే వస్తుంది. ప్రస్తుతానికి ఆ పిల్లను కంచె ఉన్న చేనులో వదలండి. తనకు తోచినప్పుడు పరుగెత్తి, తోచినప్పుడు పడుకోనివ్వండి. ఈ వయసులో నేర్పవలసింది పరుగు కాదు, పిలిస్తే వెనక్కి రావడం. ఏదైనా కదిలితే వెంటపడే గుణం ముధోల్‌కు పుట్టుకతోనే ఉంటుంది, అది ఒకసారి దౌడు అందుకున్నాక మనిషి అరుపు వినిపించుకోదు, రోడ్డు అడ్డం వచ్చినా చూసుకోదు. పద్నాలుగు నెలలు నిండాక, మెత్తని నేల మీద, నేరుగా ఉండే దారిలో వంద, నూటయాభై మీటర్ల పరుగులు రెండు మూడు, వారానికి రెండు మూడు రోజులు చాలు. వంపులు వద్దు.

జాతర పందెం గురించి. ఉగాదినాటికి ఆ పిల్లకు తొమ్మిది నెలలు, మన ప్రాంతంలో అప్పటికే ఎండ ముదిరి ఉంటుంది, జాతరలో జనం, డప్పులు, గట్టి నేల. ఈ ఏడు దింపవద్దన్నది నా స్పష్టమైన సలహా. తరువాతి ఏళ్లలోనైనా డబ్బు కాసే చోటికి తీసుకువెళ్లవద్దు. డబ్బు చేరిన చోట కుక్కకు ఉత్తేజపు మందులు ఇవ్వడం మొదలవుతుంది, హాని చేసే మందును జంతువుకు ఇవ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కుక్కల ముందు బతికున్న కుందేలును వదలడం దానికి తోడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి కూడా వస్తుంది. చేలలో కుందేళ్ల మీదికి కుక్కను ఉసిగొల్పడం కూడా అంతే. ముధోల్ ఉన్నవాళ్లు ఈ విషయాన్ని తరచూ తేలికగా తీసుకుంటారు.

మీ తమ్ముడికి నిజంగా కావలసింది తన కుక్క ఎంత వేగమో తెలుసుకోవడమైతే, దానికి పందెం అక్కరలేదు. కుక్క పెద్దయ్యాక చదునైన పొలంలో యాభై మీటర్ల ఎడంతో రెండు జెండాలు పాతండి. మొదటి జెండాకు ముందు మరో నలభై మీటర్లు ఖాళీగా వదలండి, కుక్క వేగం అందుకోవడానికి అంత దూరం కావాలి. ఒకరు ఆ చివర పట్టుకుని ఉంటే, దానికి బాగా ఇష్టమైనవారు ఈ చివర నుంచి పిలవాలి. మూడో మనిషి పక్కగా, రెండు జెండాలూ కనిపించేంత దూరంలో నిలబడి ఫోనును కదపకుండా వీడియో తీయాలి. రెండు జెండాల మధ్య పట్టిన కాలాన్ని వీడియోలో నెమ్మదిగా జరిపి చూసి, యాభైని ఆ సెకన్లతో భాగించి 3.6తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నాలుగు సెకన్లు పడితే 45, మూడు సెకన్లు పడితే 60. మెడకు కట్టే జీపీఎస్ పట్టీలు ఇంత తక్కువ సమయపు పరుగును సరిగ్గా కొలవలేవు, అమ్మకపు ప్రకటనలలో కనిపించే కొన్ని పెద్ద అంకెలు అలా వచ్చినవే.

మీ జాగింగ్‌కు తోడు విషయం: లాబ్రడార్‌కు వైద్యుడు అనుమతి ఇచ్చేదాకా వద్దు, ముధోల్‌కు ఏడాది దాటేదాకా వద్దు. ఆ తరువాత ముధోల్ మీతో హాయిగా వస్తుంది. మీరు గంటకు తొమ్మిది, పది కిలోమీటర్ల వేగంతో వెళ్తారనుకుంటే, అది దానికి జోరు నడకే. మొదట ఒకటి రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి, రెండు మూడు నెలలలో పూర్తి దూరానికి తీసుకురండి. మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ కట్టండి, తాడు ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. ఫిబ్రవరి చివరి నుంచి జూన్ దాకా తెల్లవారకముందే ముగించండి. సాయంత్రం గాలి చల్లబడినా తారురోడ్డు చల్లబడదు, మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఉంచలేవు. నాలుక బాగా వెడల్పై, చొంగ చిక్కబడి, అడుగు తడబడితే వెంటనే ఆగి నీడలోకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. తడి గుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. ముందు చల్లబరచి, తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి.

తిండికి, పరుగుకు మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. ముధోల్ వంటి లోతైన ఛాతీ గల కుక్కలలో నిండు కడుపు ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంది, పొట్ట ఉబ్బి, వాంతి రాక ఊరికే ఓకరిస్తూ ఉంటే అది గంటలలో ప్రాణం తీసే స్థితి. మరో మాట కూడా గుర్తుంచుకోండి. ముధోల్‌కు ఎప్పుడైనా శస్త్రచికిత్స చేయించవలసి వస్తే, అది గ్రేహౌండ్ కోవకు చెందిన వేటకుక్క అని వైద్యుడికి ముందే చెప్పండి. ఈ కోవ కుక్కల ఒంట్లో కొవ్వు చాలా తక్కువ కాబట్టి, థయోపెంటోన్ వంటి మత్తుమందు ఇస్తే ఇతర కుక్కల కంటే చాలా ఆలస్యంగా తేరుకుంటాయి. వేరే మందు ఎంచుకునే వీలు వైద్యుడికి ఉంటుంది.